విడిపోయినవారి ఫోను నంబరు

తలాకో, ఖులాయో జరిగినప్పుడు మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఇరువైపుల పెద్దలు కూర్చుంటారు. మహర్ బాకీ ఎంత, ఇద్దత్ ఖర్చు ఎంత, పెళ్లిలో పెట్టిన బంగారం, బీరువా, పాత్రలు ఏవి తిరిగి ఇవ్వాలి అని కాగితం మీద రాసుకుంటారు. ఆ కాగితంలో నేడు ఉండవలసిన మరొక పద్దు ఉంది. అది ఫోను నంబరు.

ఇంటిల్లిపాదికీ ఒకే బిల్లు వచ్చే ఫ్యామిలీ ప్లానులో తరచు నంబర్లన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. కాపురం సాగినన్నాళ్లు అది సౌకర్యమే. విడిపోయాక అదే చిక్కు. నంబరు ఎవరి పేరు మీద ఉంటే వారే దాన్ని రద్దు చేయించగలరు, డూప్లికేటు సిమ్ము తీసుకోగలరు. బ్యాంకు ఓటీపీ, ఆధార్, గ్యాస్ బుకింగు, పిల్లల బడి కబురు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. కువైట్‌లో పనికి వెళ్లిన తల్లికి ఇక్కడి బిడ్డ గొంతు వినబడేదీ ఫోనులోనే. అటు భర్తకూ ఇబ్బందే. తాను వాడని నంబరుకు బిల్లు కట్టాలి, జవాబుదారీగా ఉండాలి.

ఇంత చిన్న విషయానికి పంచాయితీ ఎందుకని కొందరు అనవచ్చు. పెద్ద విషయాలకు కోర్టులున్నాయి. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చునని, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని ఒక నంబరు కోసం కోర్టు మెట్లెక్కేవారెందరు? కావుననే ఇది పెద్దలు చూడవలసిన పని. విడిచిపెట్టదలిస్తే మంచితనంతో విడిచిపెట్టాలని బఖరా సూరా 229వ ఆయతు ఆదేశిస్తున్నది. బాధించే ఉద్దేశంతో స్త్రీని ఆపి ఉంచరాదని 231వ ఆయతు హెచ్చరిస్తున్నది. కక్షతో నంబరును పట్టి ఉంచడం ఈ ఆదేశానికి తగునా?

చేయవలసినది కష్టమేమీ కాదు. బాకీ బిల్లు కట్టి, ఇద్దరూ గుర్తింపు పత్రాలతో కంపెనీ కార్యాలయానికి వెళ్లి నంబరును ఆమె పేరుకు మార్పించాలి. ఆ తర్వాత ఆమె వేరే ప్లాను తీసుకోవచ్చు. వేరే కంపెనీకి మారదలిస్తే 1900కు పోర్ట్ సందేశం పంపవచ్చు. ఈ సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. భర్త ఒప్పుకోకుంటే, పాత నంబరు పనిచేస్తుండగానే ఆమె తన పేరున కొత్త సిమ్ము తీసుకుని, బ్యాంకులోను, ఆధార్ కేంద్రంలోను నంబరు మార్పించుకోవాలి. పిల్లల నంబరు వారు ఎవరి దగ్గర ఉంటే వారి పేరుకు మారాలి. ఎవరి పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో చూసుకోవచ్చు.

జమాత్ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఒప్పందం రాసేటప్పుడు మహర్, ఇద్దత్ ఖర్చుల కింద మరొక్క వాక్యం చేర్చండి: ఏ నంబరు ఎవరిది, ఏ తేదీలోగా పేరు మారాలి. తెగిపోయింది భార్యాభర్తల బంధం. బిడ్డలతో మాట కూడా తెగనీయకండి.