బ్యాలెన్స్ షీటు చదవగలవారికి ఒక పని

బి.కాం., ఎం.బి.ఎ. చదివి దేశాలు దాటిన మన సభ్యులు ఈ పత్రికకు పంపే కబుర్లు మూడు రకాలు. ఒకరు బ్యాంకు ఉద్యోగం మానేసి సొంత కన్సల్టెన్సీ పెట్టుకుంటారు, ఇంకొకరి ఇంట్లో పెళ్లి, మరొకరు సొంతూరి బడికి మంచినీటి ప్లాంటు కట్టించి ఫొటో పంపుతారు. మొదటి రెండింటికీ అక్షింతలు వేయడం తప్ప సంపాదకుడికి పనేమీ లేదు. మూడోదాని గురించే ఈ నాలుగు మాటలు. ప్లాంటు మంచిదే, కళ్లజోళ్ల శిబిరం మంచిదే. కానీ అవి ఎవరైనా ఇవ్వగలరు. సరుకు ఎప్పుడు నిలవ ఉంచాలో, ఎప్పుడు అమ్మాలో, అప్పు ఖరీదెంతో లెక్కగట్టే విద్య నేర్చినవాళ్లు ఊరికి ఆ విద్యను తప్ప మిగతావన్నీ ఇస్తున్నారు.

మనవాళ్లలోనే దీనికి భిన్నంగా నడిచినవాళ్లు ఉన్నారు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడ్డ డాక్టర్లు జింకానా పేరుతో సంఘం కట్టుకుని, తాము వైద్యం నేర్చుకున్న ప్రభుత్వాసుపత్రికే తిరిగి సాయం చేస్తూ వచ్చారు. 2022లో డాలస్‌లో జరిగిన వారి సమావేశంలో డాక్టర్ గవిని ఉమ మాతా శిశు విభాగం భవనం కోసం రూ.20 కోట్లు ప్రకటించారు. ఆ మొత్తం అందరికీ సాధ్యం కాదు, నేను ఎత్తిచూపేది మొత్తాన్నీ కాదు. ఆ వార్డులో ఏం కొరతో డాక్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అందుకే సాయం సరిగ్గా చేరాల్సిన చోటికి చేరింది. వాణిజ్యం చదివినవారికి అలాంటి వార్డు గుంటూరు మిర్చి యార్డు.

అక్కడి కొరత చిన్నది కాదు. రెండేళ్ల ముందు క్వింటా ఇరవై వేలు దాటిన మిర్చి 2025 ఆరంభంలో ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. అదీ 2.58 లక్షల టన్నులకే, అంటే పంటలో నాలుగో వంతుకే. ధర పెరిగేదాకా మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు కదా అనడం తేలిక. పెట్టుబడి ఇచ్చిన కమీషన్ వ్యాపారికే సరుకు వేయాల్సిన కౌలు రైతుకు, వడ్డీ నెలనెలా పెరుగుతుంటే, ఆగే ఓపిక ఎక్కడిది? 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్న నాటి కథా ఇంతే. మందులకు లొంగని పురుగు సగం కారణమైతే, పురుగుమందు అమ్మేవాడే అప్పిచ్చేవాడు, సలహా చెప్పేవాడు కావడం మిగతా సగం. మొదటి సగాన్ని గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తలు పట్టించుకున్నారు. రెండో సగం పూర్తిగా మన చదువు కిందికి వచ్చే విషయం.

దారి చట్టంలోనే ఉంది. కంపెనీల చట్టానికి 2002లో చేసిన సవరణతో రైతులు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. 2020లో మొదలైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం కింద ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చుగా మూడేళ్లలో రూ.18 లక్షల దాకా కేంద్రం ఇస్తుంది. మూడేళ్ల తర్వాత సి.ఇ.ఓ., అకౌంటెంటు జీతాలు సంఘమే సంపాదించుకోవాలి. ఆడిట్, రిజిస్ట్రారుకు పంపే వార్షిక పత్రాలు, బ్యాంకు అడిగే ప్రాజెక్టు నివేదిక, ఎగుమతిదారు అడిగే పురుగుమందు అవశేషాల పరీక్ష మాత్రం ఆగవు. అవి మన సభ్యులకు రోజువారీ ఉద్యోగంలో చేతికి అలవాటైన పనులు.

ఇచ్చేవాడికి షరతులు పెడతారా అని కొందరు అడగవచ్చు. పెట్టడం లేదు, తల్లిదండ్రుల పేరిట గది కట్టించే వారి చేయి పట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. మేనేజ్‌మెంట్ విద్య పల్లెకు వచ్చినప్పుడల్లా మేలే జరగలేదు. సూక్ష్మ రుణ కంపెనీలు పెద్ద చదువులవాళ్లతో, పెద్ద పెట్టుబడులతో వచ్చి, వసూళ్ల ఒత్తిడితో పేద ఆడవాళ్లను కుంగదీస్తే, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. నిజమే. అయితే అక్కడ చదువుకున్నవాళ్లు లాభంలో వాటాదారులు, రైతు కంపెనీలో వాటాలు రైతులవే. మనవాళ్లు ఆ కంపెనీకి వాటాదారులుగా, అప్పిచ్చేవాళ్లుగా కాకుండా లెక్కలు చూసి నిజం చెప్పేవాళ్లుగానే ఉండాలి. యార్డు రాజకీయాన్ని డాలస్ నుంచి మార్చలేమన్నదీ ఒప్పుకోవాల్సిందే. ఒక సంఘం పద్దు పుస్తకం సరిగ్గా ఉంచడానికి మాత్రం ఆ రాజకీయం మారేదాకా ఆగనక్కర్లేదు.

కాబట్టి వాణిజ్యం, మేనేజ్‌మెంట్ చదివిన సభ్యులకు మనవి. పల్నాడు, బాపట్ల, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏదో ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి ఒక్క ఆర్థిక సంవత్సరం పాటు మీ సమయం ఇవ్వండి. ముగ్గురు నలుగురు కలిసి ఒక సంఘాన్ని తీసుకుంటే ఒకరి మీద భారం పడదు. ఖాతాలు మార్చి 31తో ముగుస్తాయి. ఆలోగా కార్యాలయానికి రాయండి.