'మానేసింది' అనకండి

"బాగా ఉరికేది, పదో తరగతి తర్వాత మానేసింది." గోదావరిఖనిలో ఆడపిల్లల ఆటల గురించి ఎవరిని కదిపినా నాకు వినిపించే మాట ఇదే. తల్లులు, పీఈటీలు, చివరికి మన కార్యకర్తలు కూడా ఇలాగే అంటారు. ఈ వాక్యంలో కర్త ఆ పిల్ల. నా అభ్యంతరం అక్కడే.

మానేసింది సరే, మాన్పించిందెవరు? నిక్కరేసుకుని మగవాళ్ళ ముందు ఉరకడమేమిటన్న చుట్టాలెవరు? మొదటి షిఫ్టుకు వెళ్ళే తండ్రికి సద్ది కట్టి, నీళ్ళు పట్టి, ఆ తర్వాతే ప్రాక్టీసుకు పొమ్మన్నదెవరు? ఇంట్లో గుడ్డు ముందుగా ఎవరి కంచంలో పడుతుంది? నెలసరి రోజుల్లో బట్ట మార్చుకునే చాటు కూడా లేని మైదానానికి రమ్మంటే ఏ పిల్ల వస్తుంది?

సింగరేణికి ఆటలు కొత్త కాదు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది. కానీ గని భాషలో కార్మికుడంటే మగవాడే. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షను స్త్రీలను భూగర్భంలోకి దిగనివ్వలేదు. కేంద్రం సడలింపు ఇచ్చింది 2019లో. ఆటలూ ఆ మగ కార్మికుడి కొలతలకే కుట్టిన చొక్కా. అతని భార్యకూ కూతురికీ సేవా సమితి కుట్టుపని, బ్యూటీషియన్ శిక్షణ. కుట్టుపనిని చిన్నచూపు చూడను, దానిమీద నిలబడ్డ ఇళ్ళెన్నో. కానీ ఉరికే కాళ్ళకు మిషను పెడల్ ఒక్కటే చూపించే సంక్షేమాన్ని పితృస్వామ్యం అనక ఏమనాలి?

వెంటనే జవాబొస్తుంది: "పట్టుదల ఉండాలమ్మా, దీప్తి జీవాంజీని చూడండి." చూద్దాం. వరంగల్ జిల్లా కల్లెడలో పేదింటి పిల్ల. మేధో వైకల్యం ఉందని ఊరు వెక్కిరించింది. 2024 మేలో కోబేలో టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి అప్పటి ప్రపంచ రికార్డు సాధించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పట్టుదల ఆమెదే. కానీ ఆమె పరుగును గుర్తించిన కోచ్ నాగపురి రమేశ్ ఉన్నారు, లోకం మాట పక్కనపెట్టి హైదరాబాద్ పంపిన తల్లిదండ్రులున్నారు, శిక్షణ దొరికింది. ఇవేవీ లేకుంటే ఆమెనూ 'మానేసింది' అనే అనేవాళ్ళం.

సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిది, మిగిలింది కేంద్రానిది. అంటే ప్రజల సొమ్ము. స్టేడియంలో ఆడపిల్లలకు కేటాయించిన గంటలెన్ని, మహిళా కోచ్‌లెందరు, క్రీడల ఖర్చులో కార్మికుల కూతుళ్ళ కోసం పెట్టిందెంత? సమాచార హక్కు చట్టం కింద రామగుండం ప్రాంత మహిళా సంఘాలు ఈ మూడు ప్రశ్నలతో దరఖాస్తు వెయ్యాలి, వచ్చే స్కూలు పోటీలు మొదలయ్యేలోపే.