కటాఫ్‌ని మనీబాల్ అనకండి

మొన్న ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు ఒక కంపెనీ ఎలిజిబిలిటీ లిస్టు గ్రూపులో పెట్టారు. 7.5 సీజీపీఏ ఉండాలి, బ్యాక్‌లాగ్ హిస్టరీ ఉండకూడదు. నాది 7.38. లిస్టులో నా పేరు లేదు, మా రూమ్మేట్ పేరు ఉంది. వాడు నన్ను ఓదారుద్దామనుకున్నాడో ఏమో, "ఏం చేస్తాంరా, ఇప్పుడంతా డేటానే. నీ ఫుట్‌బాల్లో కూడా ఇంతే కదా, మనీబాల్!" అన్నాడు.

లిస్టు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే 2021 ఆగస్టు 13న, మన గడియారంలో అర్ధరాత్రి పన్నెండున్నర దాటాక, దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని బ్రెంట్‌ఫర్డ్ అనే జట్టు ఆర్సెనల్‌ని 2-0తో ఓడించడం చూసినవాణ్ణి నేను. అప్పుడు ఇంటర్ సెకండియర్. పొద్దున ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆపేసి నిద్రపోయాను, అది వేరే కథ. పశ్చిమ లండన్‌లో పదిహేడు వేల సీట్ల స్టేడియం ఉన్న చిన్న క్లబ్బు అది. ఇంగ్లండ్ టాప్ డివిజన్‌లో ఆడటం 74 ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. ఆ క్లబ్బు అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలిసినవాడెవడూ 7.5 కటాఫ్‌ని మనీబాల్ అనడు. అది మనీబాల్‌కి సరిగ్గా రివర్స్. వాడికి ఆ రాత్రి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఒలీ వాట్కిన్స్ సంగతితో మొదలుపెడతా. 2017లో ఈ కుర్రాడు ఎక్సెటర్ సిటీకి ఆడుతున్నాడు. ఎక్సెటర్ అంటే ఇంగ్లండ్‌లో నాలుగో డివిజన్. మన భాషలో చెప్పాలంటే టైర్-3 కూడా కాదు, టైర్-4. ఇతన్ని ఎవరూ చూడలేదనుకుంటే పొరపాటు. బాగా ఆడుతున్నాడని అందరికీ తెలుసు, అవార్డు కూడా ఇచ్చారు. కానీ "నాలుగో డివిజన్‌లో కొట్టిన గోల్స్ కదా" అని పెదవి విరిచేవాళ్లే ఎక్కువ. బ్రెంట్‌ఫర్డ్ సుమారు 18 లక్షల పౌండ్లకు తీసుకుంది. అప్పటిదాకా ఎక్కువగా వింగ్‌లో ఆడినవాణ్ణి 2019లో స్ట్రైకర్‌గా ముందుకు తెచ్చింది. ఒక్క సీజన్‌లో 26 గోల్స్. 2020లో ఆస్టన్ విల్లా 2 కోట్ల 80 లక్షల పౌండ్లు పెట్టి కొనుక్కుంది. 2024 యూరో సెమీఫైనల్లో నెదర్లాండ్స్ మీద 90 నిమిషాలు దాటాక ఇంగ్లండ్‌ని గెలిపించిన గోల్ అతనిదే.

2017లో వాట్కిన్స్‌కు తగిలించిన ధర అతని ఆటది కాదు, అతని డివిజన్‌ది. బ్రెంట్‌ఫర్డ్ చేసిందల్లా ఆ రెండింటినీ విడదీసి చూడటం. ఈ లీగ్ ఎంత బలమైనది, ఇక్కడ ఇలా ఆడేవాడు రెండు మెట్లు పైకి వెళితే ఎలా ఆడతాడు అని లెక్క వేసుకున్నారు. మన దగ్గర కాలేజీ పేరు చూసి ప్యాకేజీ చెప్పేవాళ్లకు ఈ విడదీయడం అనే పనే నచ్చదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఫుట్‌బాల్ మార్కెట్లో పేరున్నవాడికి డబ్బు ఎక్కువ పోస్తారు, పేరు లేని ఊరివాడికి తక్కువ ఇస్తారు. ఆ తేడాలోనే బ్రెంట్‌ఫర్డ్ బతికింది. నీల్ మోపేని సుమారు 16 లక్షల పౌండ్లకు ఫ్రాన్స్ నుంచి తెచ్చి, రెండేళ్లకే దాదాపు 2 కోట్లకు అమ్మింది. బ్రయాన్ ఎంబ్యూమోని 2019లో ఫ్రాన్స్ రెండో డివిజన్ జట్టు ట్రోయ్ నుంచి 60 లక్షల లోపే తెచ్చింది. 2025లో మాంచెస్టర్ యునైటెడ్ అతని కోసం 6 కోట్ల 50 లక్షలు కట్టింది. ఇదే బాటలో నడిచే బ్రైటన్ అయితే ఈక్వడార్ నుంచి సుమారు 40 లక్షలకు తెచ్చిన మొయిసెస్ కైసెడోని చెల్సీకి 10 కోట్ల పైన అమ్మింది. సాఫ్ట్‌వేర్ హైక్‌లు దీని ముందు దిగదుడుపే!

సరే, లెక్క అంటే ఏ లెక్క? గోల్స్ లెక్క కాదు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, పొట్టిగా ఎక్స్‌జీ, మనవాళ్లలో చాలామంది వినే ఉంటారు. ప్రతి షాట్‌కీ ఒక ప్రాబబిలిటీ ఇస్తారు. పెనాల్టీ అయితే నూటికి 75 నుంచి 80 సార్లు గోల్ అవుతుంది కాబట్టి ముప్పావు గోల్ పైన విలువ. ముప్పై గజాల నుంచి కళ్లు మూసుకుని కొట్టిన దెబ్బకి రెండో మూడో వందో వంతు. మ్యాచ్‌లో ఇవన్నీ కూడితే, ఆ జట్టు ఎన్ని గోల్స్‌కి తగ్గట్టు ఆడిందో వస్తుంది. స్కోరు ఎంత అన్నది వేరే. ఫుట్‌బాల్లో గోల్స్ తక్కువ కాబట్టి అదృష్టం పాత్ర చాలా ఎక్కువ. సెకండియర్‌లో మనం నిద్రపోతూ విన్న శాంపిల్ సైజు సంగతే ఇది.

న్యూకాజిల్ 2011-12లో ప్రీమియర్ లీగ్‌లో 5వ స్థానంలో నిలిచింది. కొట్టిన గోల్స్‌కీ ఇచ్చిన గోల్స్‌కీ తేడా చూస్తే ప్లస్ 5 మాత్రమే. అంటే చాలా మ్యాచ్‌లు అంచు మీద గెలిచినవే. ఇదేమీ పట్టించుకోకుండా మేనేజర్ అలాన్ పార్డ్యూకి ఎనిమిదేళ్ల కాంట్రాక్టు రాసిచ్చారు. మరుసటి సీజన్‌లో జట్టు 16వ స్థానానికి పడిపోయింది. ఇప్పుడు బ్రెంట్‌ఫర్డ్ చూడండి. 2018 అక్టోబర్‌లో థామస్ ఫ్రాంక్ హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓడిపోయాడు. ఇంకో క్లబ్బు అయితే పదకొండో మ్యాచ్‌కి ఇంటికి పంపేది. వీళ్లు ఆటలోని అంకెలు చూశారు, జట్టు అంత ఘోరంగా ఏమీ ఆడట్లేదని తేల్చుకున్నారు, ఊరుకున్నారు. రెండున్నరేళ్లకు వెంబ్లీలో స్వాన్సీ మీద గెలిచి ప్రీమియర్ లీగ్‌కి తీసుకెళ్లింది ఆయనే.

ఇక్కడ అంకెలు మనిషిని తీసేయడానికి కాదు, ఉంచడానికి పనికొచ్చాయి. నాకు ఈ కథంతటిలో బాగా నచ్చింది ఇదే.

ఈ పద్ధతి వెనక ఉన్న మాథ్యూ బెన్‌హామ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివాడు. చిన్నప్పటినుంచీ బ్రెంట్‌ఫర్డ్ అభిమాని. డబ్బు సంపాదించింది మాత్రం బెట్టింగ్‌లో. స్మార్ట్‌ఆడ్స్ అనే కంపెనీ పెట్టి, మ్యాచ్‌ల ప్రాబబిలిటీలు లెక్కకట్టి, 2012లో క్లబ్బునే కొనేశాడు. బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్ కూడా ఆ దారిలో వచ్చినవాడే. ఒకప్పుడు బెన్‌హామ్ ఆయన దగ్గరే పనిచేశాడు. బెట్టింగ్ యాప్‌ల వల్ల మన చుట్టుపక్కల కుటుంబాలు ఎలా మునిగాయో చూసినవాళ్లం కాబట్టి దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ క్లబ్బు స్టార్ ఐవన్ టోనీని 2023లో బెట్టింగ్ రూల్స్ 232 సార్లు ఉల్లంఘించాడని ఎనిమిది నెలలు ఆడనివ్వలేదు. అప్పుడు వాళ్ల జెర్సీ మీద పేరు కూడా ఒక బెట్టింగ్ కంపెనీదే. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ఇంతకీ మా రూమ్మేట్ మాటకొస్తే, వాడు పూర్తిగా తప్పనడానికి లేదు. అంకెల్ని తప్పుగా వాడి ఆటని పాడుచేసిన కథ కూడా ఫుట్‌బాల్లో ఉంది. తమాషా ఏంటంటే అదీ బ్రెంట్‌ఫర్డ్ గుండానే వెళుతుంది.

చార్లెస్ రీప్ అని ఒక ఎయిర్‌ఫోర్స్ అకౌంటెంట్ ఉండేవాడు. 1950 మార్చి 18న స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ విసుగొచ్చి, సెకండాఫ్ నుంచి పెన్సిలు తీసి ప్రతి ఎటాకూ రాసుకోవడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది డివిజన్ దిగిపోయేలా ఉన్న బ్రెంట్‌ఫర్డ్ ఆయన సలహా తీసుకుంది, గట్టెక్కింది కూడా. అంటే బెన్‌హామ్‌కి అరవై ఏళ్ల ముందే ఆ క్లబ్బులో ఒక డేటా మనిషి ఉన్నాడన్నమాట. ఆయన శ్రమకి దండం పెట్టాల్సిందే. కంప్యూటర్ లేదు, రీప్లే లేదు, ఏళ్ల తరబడి చేత్తోనే రాశాడు.

ఆయన తేల్చింది ఇది. గోల్స్‌లో సుమారు 80 శాతం మూడు లేదా అంతకంటే తక్కువ పాస్‌ల తర్వాత వస్తున్నాయి. కాబట్టి ఎక్కువ పాస్‌లు దండగ, బంతిని త్వరగా ముందుకు తన్నండి. వినడానికి ఎంత బాగుందో చూడండి. డేటా ఉంది, శాతం ఉంది, సలహా ఉంది.

ఇప్పుడు ఆయన లెక్కల్లోనే ఉన్న ఇంకో అంకె. మొత్తం ఎటాక్‌లలో 91.5 శాతం మూడు పాస్‌ల లోపే అయిపోతాయి. బంతి ఎవడో ఒకడు లాగేసుకుంటాడు కదా! అంటే నూటికి తొంభై ఒకటిన్నర ఎటాక్‌ల నుంచి 80 శాతం గోల్స్, మిగిలిన ఎనిమిదిన్నర నుంచి 20 శాతం గోల్స్. ఒక్కో ఎటాక్‌కి ఎంత అని భాగించండి. ఎక్కువ పాస్‌ల ఎటాక్ విలువ రెండున్నర రెట్లకు పైనే వస్తుంది. ఆయన డేటా ఆయన సలహాకి ఎదురు చెబుతోంది. ఒక్క భాగహారం చేయకపోవడం వల్ల! దీని ప్రభావం చిన్నదేమీ కాదు, ఇంగ్లండ్ ఆట మీద ఆ లాంగ్ బాల్ ఆలోచన దశాబ్దాల పాటు పెత్తనం చేసింది. నా ఉద్దేశంలో ప్రాబబిలిటీ పేపర్లో బేయిస్ థీరం కింద బంతులూ సంచులూ తీసేసి ఈ లెక్క ఇవ్వాలి.

ఇప్పుడు 7.5 దగ్గరికి వద్దాం. "మంచి ఇంజినీర్లలో ఎక్కువమందికి 7.5 పైన ఉంది" అన్నది నిజమే అయి ఉండొచ్చు. కానీ అడగాల్సింది అది కాదు. 7.5 కింద ఉన్నవాళ్లలో ఎంతమంది మంచి ఇంజినీర్లు అని ఎవరైనా లెక్క చూశారా? లోపలికే రానివ్వకపోతే లెక్క ఎక్కడిది? ఇది బెన్‌హామ్ పద్ధతి కాదు, రీప్ పద్ధతి. కనీసం రీప్ అన్ని ఎటాక్‌లూ రాసుకున్నాడు.

"మరి బ్రెంట్‌ఫర్డ్ మాత్రం వేలమందిని అంకెలతో జల్లెడ పట్టదా? ఒక్కరోజులో ఆరొందల మందిని ఎవడు కూర్చుని చూస్తాడు?" అన్నాడు రూమ్మేట్ నిన్న. పడుతుంది. ఒప్పుకుంటా. కానీ వాళ్ల జల్లెడ ఎవరూ తొంగిచూడని లీగుల నుంచి పేర్లు పైకి తేవడానికి, ఆ తర్వాత మనుషులే వెళ్లి ఆట చూస్తారు, మాట్లాడతారు. మన జల్లెడ హెచ్ఆర్ వాళ్ల మధ్యాహ్నం మిగల్చడానికి. పైగా బ్రెంట్‌ఫర్డ్‌కి తప్పు చేస్తే తెలుస్తుంది. 2015లో జట్టుని 5వ స్థానానికి తెచ్చిన కోచ్ మార్క్ వార్‌బర్టన్‌తో కుదరక విడిపోయారు, ఆయన స్థానంలో తెచ్చిన డచ్ కోచ్‌ని తొమ్మిది మ్యాచ్‌లకే పంపించేశారు. అందరూ నవ్వారు. అది దిద్దుకోవడానికి వాళ్లకి ప్రతి శనివారం ఒక పరీక్ష ఉంది. లిస్టులో లేని నేను ఎక్కడో బాగా పనిచేస్తే ఆ కంపెనీకి ఎప్పటికైనా తెలుస్తుందా?

ఇదంతా చదివి బ్రెంట్‌ఫర్డ్‌ని నేను దేవుడి గదిలో పెట్టాననుకోకండి. 2016లో ఆ క్లబ్బు తన అకాడమీనే మూసేసింది. పెద్ద క్లబ్బులు కుర్రాళ్లని చవగ్గా ఎగరేసుకుపోతున్నాయి, ఖర్చుకి తగ్గ ఫలితం లేదు అని లెక్క తేలింది. దాని బదులు పెద్ద అకాడమీలు వద్దన్న కుర్రాళ్లతో బి-టీమ్ పెట్టారు. లెక్కగా చూస్తే తప్పు పట్టలేం. కానీ ఆ రోజు కిట్ బ్యాగ్ సర్దుకుని ఇంటికెళ్లిన పిల్లలు ఏ టేబుల్లోనూ ఒక కాలమ్ కాదు. ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చాక అకాడమీ మళ్లీ తెరిచారు, ఆ పిల్లలకి మాత్రం అప్పటికే వయసు దాటిపోయింది.

ఇంకో సంగతి. ఎవరో ఒకరు కూర్చుని లెక్క రాస్తేనే అంకెలకు మనిషి కనిపిస్తాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఎటాక్‌లని ఏ రీపూ రాసుకోలేదు. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్ టీచరు, కళ్లతోనే చూసి కుర్రాళ్లని ఏరుకున్నాడు. అలాంటి కన్ను ఉన్నవాళ్లు అప్పుడూ తక్కువే. ఇప్పుడు మన జిల్లా గ్రౌండ్లలో ఆడేవాళ్లకి ఆ కన్నూ లేదు, కెమెరా కూడా లేదు. వాళ్ల ధర తక్కువా ఎక్కువా అన్న ప్రశ్నే రాదు.

2025 వేసవిలో ఎంబ్యూమో వెళ్లిపోయాడు, విస్సా వెళ్లిపోయాడు, కోచ్ ఫ్రాంక్‌ని టోటెన్‌హామ్ తీసుకెళ్లింది. పేపర్ల నిండా "ఇక బ్రెంట్‌ఫర్డ్ పని అయిపోయింది" అనే మాటే. వాట్కిన్స్ వెళ్లినప్పుడూ అదే అన్నారు. అప్పుడు వాళ్లు పీటర్‌బరో అనే మూడో డివిజన్ జట్టు నుంచి టోనీని తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లోనే అతను 31 లీగ్ గోల్స్ కొట్టి రికార్డు పెట్టాడు.

రూమ్మేట్‌కి సోమవారం ఇంటర్వ్యూ. ఆపరేటింగ్ సిస్టమ్స్ రాదని నన్నే చెప్పమంటున్నాడు. చెప్తాను లెండి. శనివారం రాత్రి మ్యాచ్ వాడి ల్యాప్‌టాప్‌లోనే చూడాలి మరి.