ఎంతైనా తినొచ్చు.. మరి పెంచినోడికెంత?

మొన్న మా మేనల్లుడు మొదటి జీతం అందుకుని నన్ను ఏలూరులో ఓ హోటలుకు తీసుకెళ్లాడు. అంతా వేయించిన కోడే. మనిషికి 349 రూపాయలు కడితే ఎంతైనా తినొచ్చట. ''మొహమాటపడకు మామయ్యా, మీరు పెంచిన కోళ్లేగా'' అన్నాడు. వాడు సరదాకే అన్నాడు గానీ, ఆ మాట పట్టుకుని నేను లెక్కల్లో పడ్డాను.

రుచికి వంక పెట్టను. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా బాగుంది. అయితే 'ఎంతైనా' అంటే నిజంగా ఎంతైనా కాదు. ముందుగా బంగాళాదుంప వేపుడు, బన్ను, గ్యాసు డ్రింకు తెచ్చి పెడతారు. ముక్కకు పిండి దట్టంగా పట్టిస్తారు. సగం కడుపు వీటితోనే నిండుతుంది. పొలం పని చేసే ఒళ్లు నాది. నేనే నాలుగు ముక్కలు తిని, ఐదో దానికి చేతులెత్తేశాను. కోడిని ఎనిమిది ముక్కలు కొడతారు గనుక సగం కోడి తిన్నానన్నమాట. వ్యాపారి లెక్క వ్యాపారికుంటుంది, అందులో తప్పు పట్టేదేమీ లేదు.

గోడ మీద బోర్డు చూస్తేనే నవ్వొచ్చింది. ప్లేటులో వదిలేస్తే అదనపు చార్జీ అట! మా షెడ్డులోనూ అదే రూలు కదా.

కోళ్ల పెంపకం తెలియని సోదరుల కోసం రెండు మాటలు. ఇప్పుడు బ్రాయిలర్లు చాలావరకు కంపెనీ ఒప్పందం మీదే పెరుగుతున్నాయి. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరీ మనవి. ఆరు వారాలు సాకి రెండు కిలోల కోడిని అప్పగిస్తే కిలోకు ఇంత అని పెంపకం చార్జీ ఇస్తారు. కిలో బరువుకు ఇంత దాణా అని వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. అది దాటితే కోత.

నాకు కిలోకు ఏడు రూపాయలు. రెండు కిలోల కోడిలో సగమంటే కిలో. అంటే నేను తిన్న 349 రూపాయల భోజనంలో కోడిని పెంచినవాడి వాటా ఏడు రూపాయలు. హోటల్లో టిష్యూ కాగితాలకు అంతకన్నా ఎక్కువే అవుతుందేమో!

మొక్కజొన్న రైతు సంగతీ చూద్దాం. కిలో కోడికి కిలోన్నర పైచిలుకు దాణా కావాలి. అందులో సగానికి పైగా మొక్కజొన్నే, అంటే దాదాపు కిలో. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,400. అది దక్కితే కిలోకు 24 రూపాయలు. దక్కితేనే సుమా. వేయించిన నూనె పామోలిన్ అయితే మన పెదవేగి, కామవరపుకోట వైపు ఆయిల్‌పామ్ రైతు కూడా ఈ ప్లేటులో ఉన్నట్టే. మన జిల్లాలో పండేవే దాదాపు అన్నీ. రేటు రాసేది మాత్రం వేరేవాళ్లు.

పోయిన బ్యాచ్ లెక్క దాచుకోకుండా చెబుతాను. ఐదు వేల పిల్లలు దింపారు. చచ్చినవి పోగా దాదాపు పది వేల కిలోలు తూగాయి. 70 వేలు రావాలి. దాణా ఎక్కువైందని ఆరు వేలు కోసి 64 వేలు ఇచ్చారు. ఊకకు తొమ్మిది వేలు, కరెంటుకు ఏడు, పిల్లలకు వెచ్చదనం పెట్టే బొగ్గుకు ఐదు, షెడ్డులో ఉండే ఆలుమగలకు 22 వేలు. మిగిలిన 21 వేలలో షెడ్డు అప్పు వాయిదా 15 వేలు. చేతికి ఆరు వేలు, పొలానికి కోళ్ల ఎరువు. నా ఇంటిదాని కష్టం ఈ లెక్కలో ఎక్కడా లేదు. రాత్రి కరెంటు పోతే టార్చి పట్టుకుని పరిగెత్తేది ఆమే.

ఆ ఆరు వేల కోత ఎందుకు పడిందో తెలుసా? మార్కెట్లో రేటు లేదని లిఫ్టింగ్ బండి ఐదు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఎదిగిన కోడి తింటూనే ఉంటుంది, తిన్నంత బరువు పెరగదు. పైగా ఎండలకు పెద్ద కోళ్లే ముందు రాలతాయి. ఆలస్యం వాళ్లది, కోత మాకు! హోటల్లో ఎంత పెట్టుకోవాలో తినేవాడి ఇష్టం కాబట్టి వదిలేస్తే చార్జీ వేయడం న్యాయమే. మా దగ్గర ఆ న్యాయం ఏది?

కంపెనీ వల్ల మేలే లేదని అనను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చి చికెన్ కొనేవాళ్లు లేనప్పుడు సొంతంగా పిల్లలు, దాణా కొని పెంచినవాళ్లు నిలువునా మునిగారు. నా షెడ్డు రెండు నెలలు ఖాళీగా ఉంది గానీ, దాణా బాకీ మీద పడలేదు. అందుకే ఒప్పందం వదులుకోమని ఎవరికీ చెప్పను, సరిగ్గా రాయించుకోమంటాను. ఒప్పంద సేద్యంపై 2018లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టంలో పంటలతో పాటు పశుసంపదనూ చేర్చారు. ఒప్పందం కాగితం మీద ఉండాలి, నమోదు కావాలి అన్నది అందులో ముఖ్యం. మాలో చాలామందికి సంతకం పెట్టిన కాగితం నకలు కూడా ఇవ్వరు.

వచ్చే నెలలో కొత్త పిల్లలు దిగుతాయి. కాగితం తెలుగులో కావాలని, చెప్పిన రోజు దాటాక తిన్న దాణా మా లెక్కలో వేయకూడదని, కాటా మా కళ్ల ముందే వేయాలని ఈసారి అడగబోతున్నాం. ఒక్కణ్నే వెళితే 'నచ్చకపోతే మానుకో' అంటారని తెలుసు. అందుకే చుట్టుపక్కల తొమ్మిది షెడ్ల వాళ్లం కలిసే వెళ్తున్నాం.