గ్రహాల పుట్టుకపై లెక్క ఎందుకు మారింది?

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ గురించి అడిగితే ఏం చెబుతారు? ప్రయోగించిన తేదీ 2021 డిసెంబరు 25, రాకెట్ ఏరియాన్-5.. చాలామంది ప్రిపరేషన్ అక్కడితో ఆగిపోతుంది. మెయిన్స్‌లోనో, ఇంటర్వ్యూలోనో ‘అది కనిపెట్టిందేంటి?’ అంటే మాత్రం తడబడతారు. అందుకే 2024 డిసెంబరులో వెలువడిన ఒక ఫలితాన్ని చూద్దాం.

పాలపుంతకు దగ్గర్లో పెద్ద, చిన్న మాగెలానిక్ మేఘాలున్నాయి. పేరుకు మేఘాలే గానీ నిజానికివి చిన్న గెలాక్సీలు. పెద్దది సుమారు 1.6 లక్షలు, చిన్నది 2 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. వీటికి పాలపుంతలా చక్కటి సర్పిలాకారం ఉండదు. వీటిలోని నక్షత్ర గుచ్ఛాలే శాస్త్రవేత్తలకు అసలు ఆకర్షణ. ఒక గుచ్ఛంలోని నక్షత్రాలు దాదాపు ఒకేసారి, ఒకే వాయుమేఘం నుంచి పుడతాయి. ఒకే బ్యాచ్ విద్యార్థులన్నమాట! అందువల్ల వాటి వయసు లెక్కగట్టడం తేలిక.

చిన్న మేఘంలో ఎన్‌జీసీ 346 అనే గుచ్ఛం ఉంది. హీలియం కంటే బరువైన మూలకాలు అక్కడ సూర్యుడితో పోలిస్తే చాలా తక్కువ. తొలినాటి విశ్వంలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. అలాంటి చోట నక్షత్రం చుట్టూ ఉండే వాయు, ధూళి వలయం 20-30 లక్షల ఏళ్లలోనే చెదిరిపోతుందని, గ్రహాలు ఏర్పడే వ్యవధే ఉండదని అప్పటిదాకా అంచనా. అయితే 2 నుంచి 3 కోట్ల ఏళ్ల వయసున్న నక్షత్రాల చుట్టూ కూడా వలయాలు ఉన్నట్టు హబుల్ పరిశీలనలు ముందే సూచించాయి. చాలామంది నమ్మలేదు. వెబ్ వర్ణపటాలు తీసి అది నిజమేనని తేల్చింది.

కారణం? బరువైన మూలకాలు తక్కువైతే నక్షత్ర కాంతి ఒత్తిడి వాయువును అంత త్వరగా తరిమేయలేకపోవచ్చు. లేదా మొదటి వాయుమేఘమే పెద్దది కావడంతో వలయమూ పెద్దదై ఉండొచ్చు. రెండూ కలిసి కూడా పనిచేయొచ్చు. జవాబులో ఈ ‘వచ్చు’ వదిలేయకండి. వలయం ఎక్కువ కాలం ఉందన్నది పరిశీలన, ఎందుకన్నది ఇంకా వివరణే. మార్కులు పోయేది ఈ తేడా దగ్గరే.

తేలని ముడి మరొకటుంది. పెద్ద మేఘంలో 1000 కోట్ల ఏళ్లు దాటిన గుచ్ఛాలున్నాయి, 300 కోట్ల ఏళ్ల లోపువీ ఉన్నాయి. మధ్య వయసువి మాత్రం బహు అరుదు. అన్నేళ్లు అక్కడేం జరిగిందన్నది నేటికీ చర్చే.

మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30లో వెళ్లిన ఆస్ట్రోశాట్ కూడా అతినీలలోహిత టెలిస్కోపుతో చిన్న మేఘంలోని గుచ్ఛాలను చూసింది. ఫిజిక్స్ చదువుతున్నవారు ప్రాజెక్టు కోసం డబ్బు పోసి పాత రిపోర్టులు కొనాల్సిన పనిలేదు. హబుల్, వెబ్ పాత డేటా ‘మాస్ట్’ ఆర్కైవ్‌లో ఉచితం. ఒక గుచ్ఛాన్ని ఎంచుకుని, నక్షత్రాల రంగు, కాంతి గ్రాఫ్ గీసి వయసు అంచనా వేయండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ సొంత పని ఒకటి ఉంటుంది.