కమిటీలో పేరు చేర్చేదెవరు, కొట్టేసేదెవరు?

2023 డిసెంబరు 11న వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ 11 నియోజకవర్గాలకు కొత్త ఇన్‌ఛార్జులను ప్రకటించింది. గాజువాకను మినహాయిస్తే మిగిలిన 10 స్థానాలూ ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలవే. బ్రాడీపేట ఉన్న గుంటూరు పశ్చిమకు అప్పటి మంత్రి విడదల రజిని వచ్చారు. ఆమె వదిలిన చిలకలూరిపేట మల్లెల రాజేశ్‌నాయుడికి దక్కింది. ఎన్నికలు దగ్గరపడేసరికి ఆయన్ను కూడా తప్పించి గుంటూరు మేయర్ కావటి మనోహర్‌నాయుడిని నిలిపారు. మంగళగిరిలో గంజి చిరంజీవిని పెట్టి, మూడు నెలలు తిరగకముందే మురుగుడు లావణ్యను తెచ్చారు. 2024 ఎన్నికల్లో ఆ 11 చోట్లా పార్టీ ఓడింది. రాష్ట్రమంతా కలిపి 175లో 11 సీట్లే దక్కిన ఎన్నికలవి కాబట్టి ఓటమినంతా ఈ మార్పుల ఖాతాలో వేయడం సరికాదు. అయితే పేరు పెట్టినప్పుడు గానీ, తీసినప్పుడు గానీ ఆ ఊళ్లలోని వార్డు, మండల కమిటీలను ఓటు అడగలేదన్న సంగతిని మాత్రం పక్కన పెట్టలేం.

ఇన్‌ఛార్జి మారితే కింద కమిటీలన్నీ కదులుతాయి. పాత నాయకుడి మనుషులు పక్కకు జరుగుతారు, కొత్త నాయకుడి వెంట వచ్చినవాళ్లు పైకి వస్తారు. రాజీనామా ఉండదు, నోటీసు ఉండదు, సంజాయిషీ అడగరు. వాట్సాప్ గ్రూపులోకి కొత్త జాబితా వస్తుంది. అందులో తన పేరు లేదని చూసుకున్నప్పుడే, పదేళ్లుగా జెండా మోసిన మనిషికి పదవి పోయిందని తెలుస్తుంది.

వార్డు కమిటీ సభ్యుడి పదవి చిన్నదే. జీతం లేదు, గది లేదు. అయినా లైన్లు, అడ్డరోడ్ల లెక్కతో చిరునామాలు చెప్పుకునే బ్రాడీపేటలో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఏ అద్దె ఇల్లు ఖాళీ అయిందో, ఎవరి పేరు జాబితాలోంచి ఎగిరిపోయిందో తెలిసేది అతనికే. ఓటర్ల జాబితా సవరణలో బూత్ ఏజెంటుగా కూర్చునేదీ అతనే. ప్రతిఫలంగా అతను ఆశించేది ఒక మెట్టు. రేపు కార్పొరేటర్ టికెట్టు, లేదంటే నామినేటెడ్ పదవి. గుంటూరు మిర్చియార్డు పాలకవర్గాన్ని ప్రభుత్వమే నియమిస్తుంది గనుక, అధికారం మారినప్పుడల్లా పార్టీ కార్యకర్తల చూపు అటే ఉంటుంది. ఆ వరసలో ఎవరు ముందున్నారో చెప్పేది పార్టీ కమిటీలో అతని స్థానం. ఆ స్థానం ఒక నాయకుడి ఇష్టంతో వచ్చి, ఇంకో నాయకుడి అయిష్టంతో పోయేదైతే అతను వార్డు ముఖం చూడడు, నాయకుడి ముఖమే చూస్తాడు.

పార్టీల నిబంధనావళుల్లో ఎన్నికల గురించి కావలసినంత రాసి ఉంటుంది. పదవీకాలం మధ్యలో ఏర్పడే ఖాళీని ఎవరు నింపాలి, ఎన్నికైన మనిషిని ఏ కారణం మీద తొలగించవచ్చు, తొలగింపుకు గురైనవాడు ఎక్కడ మొరపెట్టుకోవాలి అన్న చోటే అసలు అధికారం ఉంది. ఆ చోటే ఎవరూ పట్టించుకోరు.

సీపీఎం జిల్లా కార్యాలయం ఉన్నది బ్రాడీపేటలోనే. శాఖ నుంచి అఖిల భారత మహాసభ దాకా ఆ పార్టీ పద్ధతి కాగితం మీద స్పష్టంగా ఉంటుంది. మహాసభలో పాత కమిటీ కొత్త కమిటీకి ప్యానెల్ ప్రతిపాదిస్తుంది. కార్యదర్శి పేర్లు చదువుతాడు. ప్రతినిధుల్లో ఎవరైనా ఒక పేరుకు అభ్యంతరం చెప్పవచ్చు, మరో పేరు పెట్టవచ్చు. పెట్టిన పేరు వెనక్కి తీసుకోకపోతే, సీట్లకన్నా పేర్లు ఎక్కువైతే, రహస్య ఓటింగు జరపాల్సిందే. 2025 ఏప్రిల్‌లో మదురైలో జరిగిన 24వ మహాసభలో మహారాష్ట్ర నాయకుడు డి.ఎల్. కరాడ్ అధికారిక ప్యానెల్‌కు ఎదురు నిలిచారు. ఆయనకు వచ్చినవి 31 ఓట్లు. ఓడిపోయారు. కానీ ఓట్లు పడ్డాయి, లెక్కపెట్టారు, అంకె బయటికి వచ్చింది. ఏ స్థాయిలోనైనా కార్యదర్శికి మూడు దఫాలే అన్న పరిమితిని 2012లో కోజికోడ్ మహాసభలో పెట్టుకున్నారు. నాలుగోసారి కావాలంటే కమిటీలో నాలుగింట మూడొంతుల మద్దతు ఉండాలి.

ఈ పద్ధతిలోనూ బలహీనత ఉంది. ప్యానెల్ రాసేది దిగిపోతున్న కమిటీయే. మధ్యలో ఖాళీ వస్తే నింపుకునేదీ ఆ కమిటీయే. ప్యానెల్‌కు ఎదురు నిలిచినవాడి మీద వర్గవాది అన్న ముద్ర పడే ప్రమాదమూ ఉంది. కాగితం మీది హక్కును వాడుకోవడానికి గుండెధైర్యం కావాలి.

నిబంధన తెగిన చోట పార్టీలే చీలిన చరిత్ర ఈ జిల్లాకు బాగా తెలుసు. 1964 ఏప్రిల్ 11న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది వాకౌట్ చేశారు. పుచ్చలపల్లి సుందరయ్య, రేపల్లె ప్రాంతం నుంచి వెళ్లిన మాకినేని బసవపున్నయ్య వాళ్లలో ఉన్నారు. చైనా పట్ల వైఖరి, కాంగ్రెస్‌తో పొత్తు వంటి సిద్ధాంత విభేదాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ రోజు మాత్రం గొడవ సభా మర్యాద మీద వచ్చింది. పార్టీ ఛైర్మన్ డాంగే 1924లో బ్రిటిష్ ప్రభుత్వానికి రాశారన్న లేఖల మీద చర్చ జరగాలి. తనమీద ఆరోపణ విచారించే సమావేశానికి తానే అధ్యక్షత వహించడమేమిటన్నది వాళ్ల ప్రశ్న. వినలేదు, వెళ్లిపోయారు, సస్పెండయ్యారు. జులైలో వాళ్లు సదస్సు పెట్టుకున్నది తెనాలిలో. ఆ ఏడాది చివర్లో కలకత్తా మహాసభతో వేరు పార్టీ ఏర్పడింది.

కాంగ్రెస్ కథ ఇంకా విచారకరం. 1920లో నాగపూర్‌లో గాంధీ రాసిన నిబంధనావళి ఆ పార్టీని గ్రామం దాకా తీసుకెళ్లింది. నాలుగణాల సభ్యత్వం కట్టినవాడు ఓటు వేయగలిగాడు. కొండా వెంకటప్పయ్య వంటివాళ్లు గుంటూరులో నిలబెట్టింది అటువంటి సంస్థనే. 1972 తర్వాత సంస్థాగత ఎన్నికలే ఆగిపోయాయి. ఇరవయ్యేళ్ల తర్వాత 1992లో పి.వి. నరసింహారావు వాటిని మళ్లీ జరిపించారు. ఏప్రిల్‌లో తిరుపతి ప్లీనరీలో వర్కింగ్ కమిటీకి ఓటింగు జరిగి పదిమంది గెలిచారు. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు ఒక్కరూ గెలవలేదని పీవీ ఆవేదన చెందారు, గెలిచినవాళ్లు రాజీనామాలిచ్చారు. ఓటుతో వచ్చిన అర్జున్ సింగ్, శరద్ పవార్ నామినేషన్ మీద తిరిగొచ్చారు. కారణం న్యాయమైనదే. దళితులు, మహిళలు లేని కమిటీ ఏ పార్టీకైనా లోటే. ఆ న్యాయం ఎన్నికకు ముందే రిజర్వుడు సీట్ల రూపంలో ఉండాల్సింది. ఫలితం వచ్చాక అధ్యక్షుడు సరిదిద్దడంతో ఓటు విలువే పోయింది. 2023 ఫిబ్రవరిలో రాయపూర్ ప్లీనరీలో వర్కింగ్ కమిటీలోని సగం స్థానాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, యువతకు కేటాయిస్తూ నిబంధన సవరించడం ఆలస్యంగానైనా సరైన పని. అయితే వర్కింగ్ కమిటీకి ఎన్నిక వద్దని, నియామక బాధ్యత అధ్యక్షుడికే అప్పగించిందీ ఆ రాయపూర్‌లోనే.

ప్రాంతీయ పార్టీల్లో ఎన్నిక అన్న మాటే అరుదు. తెలుగుదేశం 2020 సెప్టెంబరులో జిల్లా కమిటీలను తీసేసి పార్లమెంటు నియోజకవర్గ కమిటీలు తెచ్చింది. గుంటూరుకు తెనాలి శ్రావణ్‌కుమార్ పేరును అధినేత చంద్రబాబే ప్రకటించారు. 2022 మహానాడు సందర్భంగా ఒంగోలులో లోకేశ్ ఒక మంచి ప్రతిపాదన చేశారు. రెండు దఫాలు ఒకే పదవిలో ఉన్నవాళ్లు ఒక దఫా విరామం తీసుకోవాలి, అది తనతోనే మొదలవ్వాలి అన్నారు. అటువంటి మాట మండల కమిటీ దాకా రాతపూర్వక నిబంధనగా దిగాలి. వైఎస్సార్ కాంగ్రెస్ అదే ఏడాది జులైలో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరిపిన ప్లీనరీలో జగన్‌ను జీవితకాల అధ్యక్షుడిని చేసే సవరణ తెచ్చింది. శాశ్వత పదవి ప్రజాస్వామ్య విరుద్ధమని సెప్టెంబరులో ఎన్నికల సంఘం స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది.

తొలగింపు ఎంత దూరం పోతుందో గుంటూరు నాయకుడు కన్నా లక్ష్మీనారాయణ ఉదంతం చెబుతుంది. బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడిగా తాను ఉన్నప్పుడు వచ్చిన జిల్లా అధ్యక్షులను, తర్వాత వచ్చిన సోము వీర్రాజు చర్చించకుండా మార్చారని 2023 జనవరిలో ఆయన బహిరంగంగా తప్పుపట్టారు. ఫిబ్రవరిలో పార్టీ వదిలి తెలుగుదేశంలో చేరారు. మే నెలాఖరులో సత్తెనపల్లి ఇన్‌ఛార్జి అయ్యారు. అప్పుడు తమను అడగలేదని నొచ్చుకున్నది దివంగత కోడెల శివప్రసాదరావు కుమారుడు శివరాం, ఆయన వెంట ఉన్న కార్యకర్తలు. రెండు పార్టీల్లోనూ ఫిర్యాదు ఒకటే, దాన్ని వినడానికి నాయకుడికి అతీతమైన వేదిక రెండుచోట్లా లేకపోయింది.

జర్మనీలో ఆ వేదిక చట్టంలోనే ఉంది. 1967 నాటి పార్టీల చట్టం ప్రకారం కార్యవర్గాన్ని కనీసం రెండు క్యాలెండర్ సంవత్సరాలకోసారి రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. హోదా రీత్యా చేరేవాళ్లు అయిదో వంతు మించకూడదు. తీవ్రమైన ఉల్లంఘన ఉంటేనే కింది కమిటీని రద్దు చేయాలి, ఆ రద్దును పై సభ ఆమోదించాలి, లేకుంటే అది చెల్లదు. పార్టీలో మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఉండాలి, అందులో కార్యవర్గ సభ్యులు కూర్చోకూడదు.

మన దగ్గరా ఆలోచన లేకపోలేదు. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక, పార్టీల అంతర్గత ఎన్నికలను చట్టంలో పెట్టమంది. అది అమలుకు నోచుకోలేదు. నిబంధనలు ఉల్లంఘించిందని ఒక పార్టీ నమోదును రద్దు చేసే సాధారణ అధికారం ఎన్నికల సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో అయిదేళ్లకోసారి అంతర్గత ఎన్నికలు జరపాలన్న సంఘం షరతు చాలాచోట్ల ఏకగ్రీవ ప్రకటనతో తీరిపోతోంది.

చట్టం వచ్చేదాకా చేయగలిగింది ఉంది. ఆఫీస్ బేరర్ల మార్పును ఆలస్యం లేకుండా ఎన్నికల సంఘానికి తెలపాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. ఇదే పద్ధతిని పార్టీలు తమంతట తాము వార్డు స్థాయికి దించుకోవచ్చు. సభ్యుల పేర్లు, ఎన్నికైన తేదీ, గడువు తేదీ జిల్లా కార్యాలయంలో గోడమీద అంటించాలి. ఖాళీ వస్తే మిగిలిన సభ్యులు నెలలోగా ఓటేసి నింపాలి. ఎవరినైనా తీసేస్తే కారణాన్ని ఒక కాగితం మీద రాసి అతని చేతికివ్వాలి, కార్యవర్గంలో లేని ముగ్గురి ముందు చెప్పుకునే అవకాశమివ్వాలి. ఇందుకు పార్లమెంటు అక్కర్లేదు, జిల్లా కమిటీ తీర్మానం చాలు.