వేగం ఒక్కటే చెబితే చాలదు

2020 అక్టోబరు 6న శ్వేత సముద్రంలో ఉన్న ‘అడ్మిరల్ గోర్ష్‌కోవ్’ యుద్ధనౌక నుంచి రష్యా తన జిర్కాన్ క్షిపణిని ప్రయోగించింది. బేరెంట్స్ సముద్రంలో 450 కిలోమీటర్ల దూరాన ఉన్న లక్ష్యాన్ని నాలుగున్నర నిమిషాల్లో కొట్టిందనీ, 28 కిలోమీటర్ల ఎత్తుకు లేచిందనీ, మాక్ 8 (ధ్వని వేగానికి ఎనిమిది రెట్లు) దాటిందనీ సైన్యాధిపతి గెరాసిమోవ్ మర్నాడు పుతిన్‌కు నివేదించారు. ప్రపంచమంతా ఆ ఎనిమిదినే పట్టుకుంది. మిగతా అంకెలు కూడా అందరి కళ్ల ముందే ఉన్నాయి. 450 కిలోమీటర్లను 270 సెకన్లతో భాగించి చూడండి. సెకనుకు 1.67 కిలోమీటర్లు వస్తుంది. అంత ఎత్తులో గాలి బాగా చల్లగా ఉంటుంది కాబట్టి ధ్వని వేగం సెకనుకు 300 మీటర్ల దగ్గరే ఆగుతుంది. లెక్క తేలేది సగటున మాక్ ఐదున్నర.

రష్యా అబద్ధమాడిందని నేననడం లేదు. ఓడ మీంచి నిట్టనిలువునా లేచి, బూస్టర్ సాయంతో వేగం పుంజుకుని, ఆఖర్లో దట్టమైన గాలిలోకి దిగుతూ నెమ్మదించే క్షిపణికి గరిష్ఠ వేగం వేరు, సగటు వేగం వేరు. అయితే ఎదుటి ఓడలో కూర్చున్న అధికారికి ఎన్ని నిమిషాలు మిగులుతాయో తేల్చేది సగటే. పతాక శీర్షికలకు ఎక్కేది మాత్రం గరిష్ఠం. నౌకల మీదికి వదిలే హైపర్‌సోనిక్ (మాక్ 5 దాటిన) క్షిపణుల గురించి మన దగ్గర నడుస్తున్న చర్చంతా ఈ ఒక్క అంకె చుట్టూ తిరగడం నాకు బాధగా ఉంది. ఎందుకంటే ఈ క్షిపణుల తయారీ పనిలో కొంత భాగం మన హైదరాబాదులోనే, కంచన్‌బాగ్ ప్రయోగశాలల్లోనే జరుగుతోంది. అక్కడ గెలవాల్సిన కష్టం మాక్ అంకెలో కనిపించదు.

మొదట తేల్చుకోవాల్సింది, ఇవి రెండు వేర్వేరు జాతులని. ఒకటి గ్లైడర్. రాకెట్ దాన్ని పైకి తీసుకుపోయి వదిలేస్తుంది. ఆపైన దానికి ఇంజిన్ లేదు. చేతిలో ఉన్న సొమ్ము ఖర్చు పెట్టుకుంటూ బతికే మనిషిలా, రాకెట్ ఇచ్చిన వేగాన్ని కరిగించుకుంటూ వాతావరణం పై పొరల మీద ఎగిరెగిరి పడుతూ పోతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ కొంత వేగం పోతుంది. 2024 నవంబరు 16న ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి మన డీఆర్‌డీఓ పరీక్షించిన, 1,500 కిలోమీటర్లకు పైగా పోగల క్షిపణి ఈ జాతిదే. దాన్ని నౌకాదళం కోసం తీర్చిదిద్ది 2026 గణతంత్ర కవాతులో చూపించారు. రెండు దశల ఘన ఇంధన రాకెట్ అనీ, మాక్ 10తో మొదలై సగటున మాక్ 5 నిలుపుకుంటుందనీ అప్పుడు చెప్పారు. రెండు వేగాలనూ విడివిడిగా చెప్పిన ఆ ప్రకటన నాకు నచ్చింది. అన్ని దేశాలూ అలాగే చెప్పాలి.

రెండో జాతి స్క్రామ్‌జెట్ అనే గాలి పీల్చే ఇంజిన్‌తో దారి పొడవునా తోసుకుంటూ పోయేది. జిర్కాన్ ఇలాంటిదేనని పరిశీలకుల అంచనా. చైనా 2025 సెప్టెంబరు 3న బీజింగ్ కవాతులో వైజే-15, 17, 19, 20 అనే నాలుగు నౌకా విధ్వంసక క్షిపణులను నడిపించినప్పుడు అందరూ వాటి ముక్కులనూ పొట్టలనూ చూసి ఊహలు అల్లారు. 17 బల్లపరుపు ముక్కుతో ఉంది కాబట్టి గ్లైడర్ అయి ఉంటుంది, 19కి కింద గాలి పీల్చే నోరు ఉంది కాబట్టి స్క్రామ్‌జెట్ అయి ఉంటుంది అన్నారు. ఆకారాన్ని బట్టి అంతవరకు ఊహించడం తప్పేం కాదు. కానీ ఆ నోటి వెనక మంట ఎన్ని సెకన్లు నిలుస్తుందో ఏ ఫొటో చెప్పదు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

మన బ్రహ్మోస్ క్షిపణిలో ఉన్నది ర్యామ్‌జెట్ అనే మరో రకం గాలి పీల్చే ఇంజిన్. దూసుకొచ్చే గాలిని ధ్వని కంటే తక్కువ వేగానికి అణచి, అందులో ఇంధనం మండిస్తుంది. మాక్ 3 దాకా ఇది హాయిగా పనిచేస్తుంది. మాక్ 5 దాటితే అంత వేగంగా వచ్చే గాలిని అణచడమే పెద్ద ప్రమాదం. అణచిన వేగమంతా వేడిగా మారుతుంది. మాక్ 6 దగ్గర ఆ వేడి 1,400 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది, ఉక్కు కరిగే స్థాయి అది. అంత వేడెక్కిన గాలిలో ఇంధనం మండించినా కలిసొచ్చే తోపు తక్కువ, ఇంజిన్‌కు చేటు ఎక్కువ. అందుకే స్క్రామ్‌జెట్‌లో గాలిని కొంతవరకే తగ్గించి, ధ్వనిని మించిన వేగంతోనే మంటలోంచి పోనిస్తారు. సెకనుకు కిలోమీటరున్నర వేగంతో పోయే గాలి మీటరు పొడవున్న దహన గదిని దాటడానికి పట్టేది ఒక మిల్లీసెకను కంటే తక్కువ. ఆ వ్యవధిలోనే ఇంధనం చిమ్మాలి, గాలిలో కలవాలి, అంటుకోవాలి, పూర్తిగా మండాలి. మంట మాత్రం కొట్టుకుపోకుండా అక్కడే నిలవాలి.

దీనికి కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఎంచుకున్న మార్గం చూస్తే ముచ్చటేస్తుంది. ఇంధనాన్ని నేరుగా మంటలోకి పంపరు. ముందు దహన గది గోడల్లో తిప్పుతారు. అది గోడల వేడిని తాగి, ఆ వేడికే చిన్న అణువులుగా విడిపోతుంది. అలా విడిపోయిన ఇంధనం సులువుగా అంటుకుంటుంది. గోడను కాపాడేదీ, మంటను పోషించేదీ ఒకటే ద్రవం. దానికి తోడు గోడకు సిరామిక్ పూత. 2020 సెప్టెంబరు 7న ప్రయోగాత్మక వాహనంలో మన స్క్రామ్‌జెట్ గాలిలో మండింది ఇరవై చిల్లర సెకన్లు. 2025 జనవరిలో, ఈ చల్లబరిచే పద్ధతితో చేసిన చిన్న నమూనా దహన గదిని నేల మీద 120 సెకన్లు మండించారు. ఏప్రిల్ 25న హైదరాబాదులోని పరీక్షా కేంద్రంలో అది వెయ్యి సెకన్లు దాటింది. నా దృష్టిలో ఆ ఏడాది మన క్షిపణి రంగంలో వచ్చిన అతి పెద్ద వార్త అదే. కానీ దాని మీద అంత సందడి కనబడలేదు, అందులో గొప్పగా చెప్పుకునే మాక్ అంకె లేదు కనక. సెకనుకు 1.67 కిలోమీటర్ల చొప్పున వెయ్యి సెకన్లంటే 1,600 కిలోమీటర్లకు పైమాటే. అయితే నేల మీద మండడం వేరు, ఎగురుతూ, ఒంగుతూ, మలుపు తిరుగుతూ మండడం వేరు. అమెరికా స్క్రామ్‌జెట్ ప్రయోగాత్మక వాహనం ఎక్స్-51ఏ 2013 మే 1న గాలిలో 210 సెకన్లు మండింది. ఆ దేశపు నౌకాదళమే ఆ తర్వాత విమానాల నుంచి వదిలే తన హైపర్‌సోనిక్ నౌకా విధ్వంసక పథకాన్ని ఖర్చు భరించలేక ఆపేసింది.

వేగం మీద ఉన్న మోజు మరో నిజాన్ని కూడా కప్పేస్తోంది. నీళ్లకు పది మీటర్ల ఎత్తున వచ్చే బ్రహ్మోస్, పాతిక మీటర్ల ఎత్తున్న ఓడ రేడార్‌కు భూమి వంపు వల్ల సుమారు 33 కిలోమీటర్ల దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. అప్పటికి మిగిలేది అర నిమిషం చిల్లర. 28 కిలోమీటర్ల ఎత్తున వచ్చేదానికి భూమి వంపు చాటు దాదాపు 700 కిలోమీటర్ల దగ్గరే తొలగిపోతుంది. రేడార్‌కు అంత శక్తి ఉంటే, జిర్కాన్ సగటు వేగంతో లెక్కేసినా ఏడు నిమిషాలు చేతిలో ఉంటాయి. పైగా ఎర్రగా కాలిన ఒళ్లు ఇన్‌ఫ్రారెడ్ కళ్లకు దూరం నుంచే పట్టుబడుతుంది. ఇక ప్లాస్మా పొర రేడార్‌ను మింగేస్తుందన్న ప్రచారం ఒకటుంది. అంతరిక్ష నౌకలు మాక్ 25 దరిదాపుల్లో తిరిగొచ్చేటప్పుడు రేడియో తెగిపోయే మాట నిజమే. మాక్ ఐదారు దగ్గర గాలి అంతగా విద్యుదావేశం పొందదు. హైపర్‌సోనిక్ క్షిపణిని ఆపడం కష్టమే, కానీ అది కనిపించనందువల్ల కాదు. ఎటు తిరుగుతుందో చెప్పలేకపోవడం, ఆపడానికి పంపిన క్షిపణికి అంత వేగంతో కలుసుకునే అవకాశం చిక్కకపోవడం అందుకు కారణాలు. ఓడను వేగమే చీల్చేస్తుందన్న మాటకూ ఓ లెక్క ఉంది. సెకనుకు కిలోమీటరున్నర పోయే కిలో బరువులోని శక్తి, కిలో టీఎన్‌టీలో ఉన్నదానిలో నాలుగో వంతు మాత్రమే.

ఇక గురి సంగతి. 1,500 కిలోమీటర్లు మాక్ 5తో పోవడానికి పట్టేది సుమారు 17 నిమిషాలు. ఆలోగా 30 నాట్ల వేగంతో పోయే ఓడ 15 కిలోమీటర్లు జరిగిపోతుంది. క్షిపణి వదిలినప్పుడు ఓడ ఉన్న చోటికే గురి పెడితే దొరికేది ఖాళీ నీళ్లే. ఉపగ్రహమో, నిఘా విమానమో దారిలోనే కొత్త చోటు చెప్పాలి. చివర్లో క్షిపణి సీకర్ (లక్ష్యాన్ని వెతికే పరికరం) కాలుతున్న ముక్కు వెనక నుంచే సముద్రం మీద ఆ ఒక్క ఓడను పోల్చుకోవాలి. ముక్కు చల్లబడాలంటే నెమ్మదించాలి, నెమ్మదిస్తే ఎదుటివాడికి అవకాశం చిక్కుతుంది. ఈ చిక్కును ఎవరు ఎలా విప్పారన్నదే నేడు అన్ని నౌకాదళాలూ గుట్టుగా దాచుకునే సంగతి.

గుట్టు విప్పమని నేనడగను. కానీ రేపు కంచన్‌బాగ్ నుంచో మరో చోటి నుంచో ప్రకటన వచ్చినప్పుడు మాక్ అంకె పక్కన ఇంకో మూడు విషయాలు ఉండాలని గట్టిగా అడుగుతున్నాను. ఇంజిన్ గాలిలో ఎన్ని సెకన్లు మండింది? ఆ వేగం ఏ ఎత్తులో అందుకుంది? సముద్రం మీది లక్ష్యం లంగరు వేసి ఉందా, కదులుతోందా?